నోట్‌ప్యాడ్ ఒక్కటే దారి కాదు: పిల్లల వెబ్ ఎడిటర్లపై తిరుగుతున్న సందేశానికి ఖండన

కడప, ప్రొద్దుటూరు వైపు ఉపాధ్యాయుల, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా ఒక సందేశం చేతులు మారుతోంది. బడి పిల్లలకు వెబ్ పేజీలు నేర్పేటప్పుడు విజువల్ ఎడిటర్లను, అంటే కోడ్ రాయకుండా కంటికి కనిపించే పేజీ మీదే రాసి, బొమ్మలు పెట్టనిచ్చే సాఫ్ట్‌వేర్‌ను, దగ్గరికి రానివ్వవద్దన్నది దాని సారాంశం. అసలైన వెబ్ అంటే నోట్‌ప్యాడ్‌లో చేత్తో రాసే కోడేననీ, విజువల్ ఎడిటర్ ఆ తర్వాత పుట్టిన అడ్డదారి అనీ, దానితో మొదలుపెట్టిన పిల్లలు ఎన్నటికీ కోడ్ నేర్చుకోలేరనీ, వాటిలో తెలుగు సరిగా రాదనీ, మరీ అవసరమైతే వర్డ్‌లో చేసి వెబ్ పేజీగా సేవ్ చేస్తే సరిపోతుందనీ, లేదంటే ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఏదో ఒకటి చాలుననీ అందులో ఉంది. నేను సెలవుల్లో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు ఈ పని నేర్పుతున్నవాణ్ణి. ఈ మాటలు నమ్మి, పిల్లల చేత వారాల తరబడి ట్యాగులు (పేజీ కోడ్‌లో పెట్టే గుర్తులు) బట్టీ పట్టించి, ఒక్క పేజీ కూడా చేయించకుండానే వదిలేసిన చోట్లు చూశాను. అందుకే ఆ సందేశంలోని ఒక్కొక్క మాటనూ తీసుకుని జవాబు రాస్తున్నాను.

మొదటిది, విజువల్ ఎడిటర్ తర్వాత వచ్చిన అడ్డదారి అన్న మాట. ఇది చరిత్రకు విరుద్ధం. వెబ్‌ను సృష్టించిన టిమ్ బెర్నర్స్-లీ 1990లో సెర్న్ అనే యూరప్ పరిశోధన సంస్థలో, నెక్స్ట్ అనే కంపెనీ కంప్యూటర్ మీద రాసిన మొట్టమొదటి బ్రౌజర్ పేజీలను చూపడమే కాక, వాటిని అక్కడికక్కడే సవరించే ఎడిటర్ కూడా. దానిని వాడేవారు ట్యాగులు చూడనవసరం లేకుండానే అక్షరాలు రాసి, లింకులు వేయగలిగేవారు. ఆ తర్వాత 1993లో వచ్చి బాగా వ్యాపించిన మొజాయిక్ అనే బ్రౌజర్ చూడడానికే గాని రాయడానికి కాదు. పేజీలను చేత్తో కోడ్‌గా రాయడం అలాంటి బ్రౌజర్ల కాలంలో బలపడిన అలవాటు. వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ3సీ సంస్థ కూడా 1996 నుంచి అమాయా అనే విజువల్ ఎడిటర్‌ను సొంతంగా తయారుచేసి, 2012 వరకు విడుదల చేస్తూ వచ్చింది. ఆ సంస్థే చేపట్టిన పద్ధతిని అడ్డదారి అనడం ఎలా కుదురుతుంది?

రెండవది, ఈ సందేశానికి ప్రాణం లాంటిది: విజువల్ ఎడిటర్ పట్టిన పిల్లలకు కోడ్ రాదన్న మాట. ఇందులో కొంత నిజం ఉంది, దాన్ని దాచను. పేజీ వెనుక ఏముందో ఏనాడూ చూపని ఎడిటర్‌తో ఏడాది గడిపినా పిల్లలకు వచ్చేది ఆ ఎడిటర్ మెనూలే. కాని కోడ్‌ను పక్కనే తెరిచి చూపే ఎడిటర్ల సంగతి వేరు. సీమంకీ అనే ఉచిత బ్రౌజర్‌తో పాటు వచ్చే కంపోజర్‌లో కింద నాలుగు ట్యాబులుంటాయి. ఒకటి మామూలు పేజీ, రెండవది ప్రతి భాగం పక్కన దాని ట్యాగును పసుపుపచ్చ చీటీగా చూపేది, మూడవది పూర్తి సోర్స్ (పేజీ వెనుకనున్న కోడ్), నాలుగవది ప్రివ్యూ. పిల్లలు పేజీలో చేసిన ప్రతి మార్పూ సోర్స్‌లో ఏ రూపం తీసుకుందో వెంటనే చూడగలరు, సోర్స్‌లో దిద్దితే పేజీ ఎలా మారిందో కూడా చూడగలరు.

ఒక సంఘటన చెబుతాను. ఎనిమిదో తరగతి పాప ఒకతె గండికోట మీద పేజీ చేసింది. పెన్నా లోయ ఫోటో పైన, దాని కింద నాలుగు వాక్యాలు, జమ్మలమడుగు నుంచి ఎలా వెళ్ళాలో రెండు వాక్యాలు. పెన్ డ్రైవ్‌లో వేసుకుని పక్క కంప్యూటర్‌లో తెరిచేసరికి ఫోటో ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా కనిపించింది. ‘సార్, నా బొమ్మ యాడికి పాయె?’ అని బిక్కమొహం వేసింది. ‘సోర్స్ తెరిచి, బొమ్మ ఉన్న చోటు చదువు పాపా’ అన్నాను. బొమ్మను పెట్టే ఐఎంజీ ట్యాగులో, బొమ్మ ఎక్కడుందో చెప్పే ఎస్ఆర్‌సీ అన్న మాట తర్వాత, మొదటి కంప్యూటర్ సీ డ్రైవ్‌లోని ఫోల్డర్ల పేర్లన్నీ వరసగా ఉన్నాయి. రెండుసార్లు చదివి, ‘ఆ కంప్యూటర్ అడ్రసు ఈడ ఎట్ల పని చేస్తది సార్?’ అని తనే అంది. ఆ వరస మొత్తం చెరిపేసి ఫోటో ఫైలు పేరు మాత్రం ఉంచి, ఆ ఫైలును పేజీ ఉన్న ఫోల్డర్‌లోకే తెచ్చి పెట్టాక ఫోటో వచ్చింది. జరిగిందేమిటంటే, పేజీని ఒకసారైనా సేవ్ చేయక ముందే ఫోటో చేర్చడం వల్ల ఎడిటర్ పూర్తి దారిని రాసుకుంది. సేవ్ చేశాక చేర్చి ఉంటే పేజీ ఉన్న చోటు నుంచి లెక్కించి చిన్న దారి రాసేది. ఫైలు దారి అంటే ఏమిటో నోట్‌ప్యాడ్ ముందు కూర్చోబెట్టి గంటసేపు చెప్పినా ఇంత సూటిగా ఎక్కదు, ఎందుకంటే ఆ పాపకు అప్పటికే పోగొట్టుకున్న ఫోటో ఒకటుంది, దానిని తిరిగి తెచ్చుకోవాలన్న పట్టుదల ఉంది.

నోట్‌ప్యాడ్‌తో మొదటి రోజు ఎలా గడుస్తుందో కూడా చెప్పాలి. విండోస్ మామూలుగా ఫైలు పేరు చివరి భాగాన్ని దాచి ఉంచుతుంది కాబట్టి, పిల్లలు వెబ్ పేజీలకు ఉండే హెచ్‌టీఎంఎల్ అన్న తోకతో పేరు పెట్టి సేవ్ చేసినా ఒక్కోసారి దాని వెనుక టీఎక్స్‌టీ అన్న మరో తోక చేరి, రెండుసార్లు నొక్కితే మళ్ళీ నోట్‌ప్యాడే తెరుచుకుంటుంది. ఆ గండం గడిచాక బోల్డ్‌కు ముగింపు ట్యాగు మరచిపోతే, బ్రౌజర్ తప్పు ఎక్కడో చెప్పదు. తనకు తోచినట్టు సర్దుకుని పేజీ సగం మొత్తాన్ని లావు అక్షరాల్లో చూపిస్తుంది. హెచ్‌టీఎంఎల్ ప్రోగ్రామింగ్ భాష కాదు, పాఠంలో ఏది శీర్షిక, ఏది పేరా, ఏది లింకు అని గుర్తులు పెట్టే పద్ధతి. ఆ గుర్తుల అర్థం తెలియాలంటే ముందు గుర్తు పెట్టడానికి ఒక పాఠం ఉండాలి. నేను చూసినంతలో, మూడు నాలుగు పేజీలు చేతిలో ఉన్న పిల్లలకు నోట్‌ప్యాడ్ ఇస్తే భయపడరు, ఏమీ లేకుండా ఇస్తే భయపడతారు.

అయితే ఎడిటర్ ఇచ్చి వదిలేయడం కూడా తప్పే. పిల్లలు శీర్షికను బోల్డ్ చేసి సైజు పెంచి వదిలేస్తారు. హెడింగ్ 1 అని ఎంచుకోరు. కంటికి రెండూ ఒకటే గాని, చూపు లేనివారికి పేజీ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ హెడింగ్ ట్యాగులను పట్టుకునే పేజీలో దారి చూపుతుంది. అలాగే ఫోటోను కిందికి దించడానికి ఎంటర్ పదిసార్లు కొడతారు, సోర్స్‌లో కొత్త వరస మొదలుపెట్టే బీఆర్ ట్యాగులు వరసగా పేరుకుంటాయి. వారానికి ఒకసారి సోర్స్ తెరిపించి, అక్కరలేనివి వాళ్ళ చేతే తీయించడం నేర్పేవారి బాధ్యత.

మూడవది, విజువల్ ఎడిటర్లలో తెలుగు రాదన్న మాట. అన్ని భాషల అక్షరాలకూ ఒకే పద్ధతిలో సంకేతాలు ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లో వచ్చిన తొలి కూర్పు నుంచే చోటుంది. విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచి గౌతమి, విండోస్ 8 నుంచి నిర్మలా ఫాంట్లు కంప్యూటర్‌తోనే వస్తున్నాయి. మరి తెలుగు చెడిపోయినట్టు ఎందుకు కనిపిస్తుంది? చాలావరకు కారణం ఎడిటర్‌ది కాదు. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో కొట్టించిన వార్షికోత్సవ ఆహ్వానాన్ని తెచ్చి పేజీలో అతికిస్తే, అది యూనికోడ్ కాదు గనుక అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల గుంపుగా మారుతుంది. విచిత్రమేమంటే, సందేశం మెచ్చుకున్న నోట్‌ప్యాడే ఈ విషయంలో ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. 2019లో వచ్చిన విండోస్ 10 కూర్పు నుంచే అది మామూలుగా యూనికోడ్ అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో సేవ్ చేస్తోంది. అంతకు ముందున్న వాటిలో ఏఎన్ఎస్ఐ (తెలుగు పట్టని పాత పద్ధతి) అని ఉన్నదాన్ని మార్చకుండా, హెచ్చరికను చదవకుండా ఓకే నొక్కితే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి, తిరిగి రావు. మన బడుల్లో ఇంకా పాత విండోస్ 7 యంత్రాలు ఉన్నచోట ఇది గుర్తుంచుకోవలసిన సంగతి. ఎడిటర్‌ను ఎంచుకునే ముందు ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ అన్న రెండు మాటలు రాసి, సేవ్ చేసి, మూసి, మళ్ళీ తెరిచి చూడండి. అక్షరాలు నిలిచి, ఒత్తులు కింది వరసకు తగలకుండా ఉంటే ఆ ఎడిటర్ తెలుగుకు పనికొస్తుంది. ఒత్తులు తెగుతుంటే వరసల మధ్య ఎడం పెంచాలి. ఇంగ్లీషుకు చాలిన ఎడం మన లిపికి చాలదు.

ఎర్రగుంట్ల మండలం కలమళ్ళలో క్రీ.శ. 575 నాటి తొలి తెలుగు శాసనం ఉన్న జిల్లా మనది. ఆ శాసనం గురించి మన పిల్లలు తెలుగులో పేజీ రాయడానికి సాంకేతికమైన అడ్డంకి ఏదీ లేదు.

వర్డ్ సంగతి రెండు ముక్కల్లో తేల్చవచ్చు. వర్డ్ నుంచి వెబ్ పేజీగా సేవ్ చేసిన ఫైలును తెరిస్తే, పది వాక్యాల పాఠం చుట్టూ వర్డ్ తన కోసం రాసుకున్న వరసలు వందలకొద్దీ ఉంటాయి. పిల్లలు అందులో తమ పేరా ఎక్కడుందో వెతుక్కోలేరు. చదవలేని కోడ్‌ను చూపించి కోడ్ నేర్పలేము.

ఇక చివరిది, ఉచితంగా దొరికే ఏదైనా ఒకటేనన్న మాట. నా దృష్టిలో అన్నిటికంటే నష్టం చేసేది ఇదే. పిల్లలు పేజీలను ఒకరి సైట్‌లోనే చేసి అక్కడే వదిలేస్తే, ఆ సేవ ఆగిన రోజున వాళ్ళ పని కూడా పోతుంది. లక్షల మంది సొంత పేజీలు కట్టుకున్న జియోసిటీస్‌ను యాహూ 2009లో మూసివేసింది. మొజిల్లా సంస్థ 2012లో కొత్తగా నేర్చుకునేవారిని దృష్టిలో పెట్టుకుని తెచ్చిన థింబుల్ ఎంతో మంచి సాధనం. కోడ్ ఒకవైపు, పేజీ ఒకవైపు చూపేది. అది కూడా 2019 చివరికి ఆగిపోయింది. గూగుల్ సైట్స్ వాడడం చాలా సులువు, కాని పేజీ కోడ్‌ను తెరిచి సవరించే వీలు ఇవ్వదు. పైగా 13 ఏళ్ళు నిండని పిల్లలు సొంతంగా గూగుల్ ఖాతా తెరవకూడదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 18 ఏళ్ళ లోపు వారందరినీ పిల్లలుగానే లెక్కించి, వారి వివరాలు తీసుకునే ముందు తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. ఉచితం అని చూసి నలభై మంది పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు ఏదో ఒక సైట్‌లో నమోదు చేయించే ముందు ఉపాధ్యాయులు ఈ సంగతి ఆలోచించాలి.

ఎడిటర్ విజువలా కాదా అన్నది కాదు నేను చూసేది. కోడ్‌ను తెరిచి దిద్దనిస్తుందా, ఇంటర్నెట్ లేకుండా పని చేస్తుందా, పేజీని మామూలు ఫైలుగా పిల్లల ఫోల్డర్‌లోనే దాస్తుందా, ఖాతా అడుగుతుందా అని చూస్తాను. సీమంకీ కంపోజర్ ఈ నాలుగింటికీ నిలుస్తుంది. దాని లోపం కూడా చెప్పాలి: అది పాత హెచ్‌టీఎంఎల్ 4 పద్ధతిలోనే రాస్తుంది, హెచ్‌టీఎంఎల్ 5 ట్యాగులు దానికి రావు. చాలామంది సూచించే, పేరు దగ్గరగా ఉన్న కాంపోజర్ (KompoZer) అనే మరో ఎడిటర్‌కు 2010 తర్వాత కొత్త కూర్పు లేదు, కాబట్టి అదీ అంతే. శీర్షిక, పేరా, పట్టిక, బొమ్మ, లింకు నేర్చుకునే మొదటి రెండు నెలలకు ఈ లోపం అడ్డురాదు. ఆ తర్వాత పిల్లలు ఎలాగూ సోర్స్‌లోనే ఎక్కువసేపు ఉంటారు. ఫైలు పేర్లన్నీ చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టించండి. పెద్దక్షరానికీ చిన్నక్షరానికీ విండోస్ తేడా చూడదు గాని, రేపు పేజీని ఎక్కించే సర్వర్ మామూలుగా విండోస్‌తో కాక లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడుస్తుంది, అది తేడా చూస్తుంది. గండికోట పాప ఈ రెండో దెబ్బ కూడా తిన్నది. ఈసారి నన్ను పిలవలేదు, సోర్స్ తెరిచి పేరు తనే దిద్దుకుంది.