టైసన్‌ది ఎన్నో స్థానం?

బాక్సింగ్ పిచ్చి ఉన్న ఓ బాబాయి, ఆయన దగ్గరే ఆ పిచ్చి అంటించుకున్న అన్న కొడుకు. మైక్ టైసన్‌ని హెవీవెయిట్ చరిత్రలో మొదటి ఐదుగురిలో చేర్చొచ్చా అన్నది వాళ్ల తగువు.

అబ్బాయి: చేర్చొచ్చా ఏంటి బాబాయ్, చేర్చి తీరాలి. 1986 నవంబర్‌లో ట్రెవర్ బెర్బిక్‌ని రెండో రౌండ్‌లో కొట్టి ప్రపంచ చాంపియన్ అయ్యేనాటికి టైసన్‌కి 20 ఏళ్లు. హెవీవెయిట్‌లో అంత చిన్న వయసులో బెల్ట్ కొట్టినవాడు ఇప్పటికీ ఇంకొకడు లేడు. బెర్బిక్ ఒకే దెబ్బకి మూడుసార్లు పడ్డాడు. లేవబోతాడు, కాళ్లు వినవు, మళ్లీ పడతాడు.

బాబాయి: చూశాన్రా. నువ్వు ఫోన్‌లో చూసే ఆ నిమిషం క్లిప్పుల్లో టైసన్ దేవుడే, కాదనను. మరి టోనీ టక్కర్‌తో 12 రౌండ్లూ కూర్చుని చూశావా?

అబ్బాయి: చూశా. గెలిచాడుగా! 1987లో ఆ మ్యాచ్‌తోనే మూడు బెల్టులూ ఒక్కడి దగ్గరికొచ్చాయి. మరుసటి ఏడు మైకేల్ స్పింక్స్ వచ్చాడు. అప్పటిదాకా ఆడిన 31లో ఒక్కటీ ఓడనివాడు. 91 సెకన్లు. అంతే.

బాబాయి: స్పింక్స్ కింది బరువు నుంచి పైకొచ్చినవాడు. పైగా రింగ్‌లోకి వచ్చేటప్పుడే మొహంలో భయం కనిపించింది. భయపడ్డవాణ్ణి కొట్టడంలో టైసన్‌ని మించినవాడు లేడు, అది రాసిస్తా. భయపడనివాడు ఎదురైతే సంగతేంటి? బస్టర్ డగ్లస్!

అబ్బాయి: వస్తావని తెలుసు అక్కడికి.

బాబాయి: రాకపోతే ఎలా? 1990 ఫిబ్రవరి, టోక్యో. డగ్లస్ మీద పందెం 42కి ఒకటి, అంటే గెలుస్తాడని దాదాపు ఎవరూ అనుకోలేదు. తల్లి పోయి నెల కూడా కాలేదు అతనికి. టైసనేమో ప్రాక్టీసు గాలికొదిలేసి వచ్చాడు. ఎడమ కన్ను వాచిపోతుంటే, వాపు అణచడానికి పెట్టే చల్లటి ఇనుప ముక్క కూడా వీడి కార్నర్‌లో, అదే రౌండ్ల మధ్య వీణ్ణి చూసుకునేవాళ్ల దగ్గర, లేదు. రబ్బరు గ్లవ్‌లో చల్లనీళ్లు పోసి కంటికి అదిమారు! ప్రపంచ చాంపియన్ కార్నర్ అది. పదో రౌండ్‌లో పడ్డాక, లేవడం మానేసి నేల మీద మౌత్‌పీస్ కోసం తడుముకున్నాడు. దొరికితే సగమే నోట్లో పెట్టుకుని లేచాడు. అది వేలాడుతూనే ఉంది.

అబ్బాయి: ఎనిమిదో రౌండ్‌లో డగ్లస్ కూడా పడ్డాడు కదా, రిఫరీ నెమ్మదిగా లెక్కపెట్టాడని గొడవ కూడా అయింది. పోనీ అది వదిలెయ్. ఒక్క ఓటమితో మనిషిని కొట్టేస్తావా? జో లూయీస్‌ని 1936లో ష్మెలింగ్ నాకౌట్ చెయ్యలేదూ?

బాబాయి: చేశాడు. 1938లో లూయీస్ ఏం చేశాడు? మొదటి రౌండ్‌లోనే పగ తీర్చుకున్నాడు. నా పట్టింపు అక్కడే. అలీని 1963లో హెన్రీ కూపర్ పడగొట్టాడు, లేచి గెలిచాడు. లారీ హోమ్స్‌ని 1979లో ఎర్నీ షేవర్స్ ఏడో రౌండ్‌లో నేలకేసి కొడితే, లేచి పదకొండో రౌండ్‌లో వాణ్ణే ఆపాడు. టైసన్ కెరీర్ మొత్తంలో కిందపడి, లేచి గెలిచిన మ్యాచ్ ఒక్కటి చెప్పు.

అబ్బాయి: ...లేదు.

బాబాయి: తనని ఓడించినవాణ్ణి మళ్లీ ఓడించింది?

అబ్బాయి: అందులో అన్యాయం ఉంది బాబాయ్. డగ్లస్ అదే ఏడాది హోలీఫీల్డ్ చేతిలో ఓడి ఆటే వదిలేశాడు. 1991లో హోలీఫీల్డ్‌తో మ్యాచ్ ఖాయమైతే టైసన్‌కి పక్కటెముకల దెబ్బ తగిలి వాయిదా పడింది. ఆ తర్వాత మూడేళ్లు జైలు. మంచి వయసంతా అక్కడే పోయింది. అలీకి పోయిన మూడున్నరేళ్లు మీరంతా లెక్కలోకి తీసుకుంటారుగా?

బాబాయి: ఆ రెండూ ఒకే గాటన కట్టకు. అలీ యుద్ధానికి పోనన్నందుకు లైసెన్సు పోగొట్టుకున్నాడు. టైసన్‌ది 18 ఏళ్ల అమ్మాయి మీద అత్యాచారం కేసు, శిక్ష పడింది. దాన్ని గాయంలాగా, దురదృష్టంలాగా మార్కులు కలపడానికి వాడితే నేను ఒప్పుకోను.

అబ్బాయి: ...సరే, కలపను.

బాబాయి: బయటికొచ్చాక హోలీఫీల్డ్‌తో 1996లో ఓడాడు. 1997లో అతని చెవి కొరికాడు. 2002లో లెనాక్స్ లూయిస్ ఎనిమిదో రౌండ్‌లో పడుకోబెట్టాడు.

అబ్బాయి: అవన్నీ కోచ్ కస్ డమాటో పోయి, ఆయన తర్వాతి కోచ్ కెవిన్ రూనీని టైసనే తీసేసిన తర్వాతవి. నేను పోల్చమనేది 1988 నాటి టైసన్‌ని. అయిదడుగుల పది అంగుళాల మనిషి, చెంపలకు చేతులానించి తల ఊపుకుంటూ ఆరున్నర అడుగులవాళ్ల పొట్టలోకి దూరిపోయేవాడు. ఇందాక హోమ్స్‌ని తెగ పొగిడావు కదా, ఆయన్ని జీవితంలో నాకౌట్ చేసిన ఒకే ఒక్కడెవడు?

బాబాయి: టైసనే. కానీ అప్పుడు హోమ్స్‌కి 38, దాదాపు రెండేళ్లు ఆటకు దూరంగా ఉండి వచ్చాడు.

అబ్బాయి: ఆ ముసలాయనే 42 ఏళ్లప్పుడు హోలీఫీల్డ్‌తో టైటిల్ మ్యాచ్‌లో 12 రౌండ్లూ నిలబడ్డాడు. 1992లో. తన 75 మ్యాచ్‌ల్లో ఇంకెవడూ ఆపలేకపోయినవాణ్ణి టైసన్ నాలుగో రౌండ్‌లో ముగించాడు. దీనికేమంటావు?

బాబాయి: ...నా లిస్టులో పదో స్థానం ఇచ్చా ఇన్నాళ్లూ. ఏడు చేస్తా.

అబ్బాయి: ఐదు.

బాబాయి: ఏడన్నానా! హోమ్స్ కంటే పైన మాత్రం పెట్టను, ఎంత అరిచినా సరే.