మహారాజశ్రీ తోలు మాస్కు గారి దివ్య సముఖమునకు

మహారాజశ్రీ స్టీమ్‌పంక్ తోలు మాస్కు గారికి,

పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి, ఫోర్‌మన్‌గా రిటైరైన ముసలివాడు వ్రాయు విన్నపములు. ఉభయకుశలోపరి. అంటే నేను క్షేమం, తమరు మా డైనింగ్ టేబుల్ మీద క్షేమం. తమరు వేంచేసిన నాటి నుంచి మేము నలుగురం కంచాలు ఒళ్ళో పెట్టుకుని భోంచేస్తున్నాం. పప్పుచారు వడ్డించిన రోజున అది ఎంత సాహసమో తమకు తెలియదు.

తమరి స్టీమ్‌పంక్ మతం ఏమిటో మా మనవరాలు వివరంగా చెప్పింది. ఆవిరి యంత్రాల కాలం ఇంకా నడుస్తూనే ఉందనీ, పెట్రోలూ కరెంటూ రంగంలోకి రాలేదనీ ఊహించుకుని, ఆ లోకంలో మనుషులు ఏం తొడుక్కుంటారో అవి సొంతంగా కుట్టుకోవడమట. తమరిని ముఖాన తగిలించుకుని మద్రాసు నందంబాక్కంలో, బొమ్మల కథల పాత్రల వేషాలు కట్టుకుని జనం చేరే కామిక్ కాన్‌కి వెళ్తుందట. వెళ్ళనివ్వండి, సంతోషం. కానీ ఆవిరి పేరెత్తారు కనుక, ఆవిరి దగ్గర ఒళ్ళు కాల్చుకున్నవాడి మాట కాస్త వినాలి.

ముందు తమరి కుడిచెంప. అక్కడ మూడు పళ్ళచక్రాలు ఉన్నాయి, మూడూ ఒకదాని పళ్ళలో ఒకటి ఇరుక్కుని. మొదటిది కుడికి తిరిగితే రెండోది ఎడమకి తిరగాలి. మూడోది ఆ రెండింటికీ ఎదురు తిరగాలి. ఎటు తిరుగుతుంది? ఎటూ తిరగదు, మూడూ బిగుసుకుని కూర్చుంటాయి. అప్రెంటిస్ కుర్రాళ్ళకి మేం మొదట్లోనే చెప్పే పాఠం ఇది. ఇక ఎడమచెంప మీద ప్రెషర్ గేజి, దాని ముల్లు ఎర్రగీత మీద. మెయిల్ రైళ్ళు లాగిన డబ్ల్యూపీ రకం ఆవిరి ఇంజన్ బాయిలరు చదరపు అంగుళానికి 210 పౌన్ల ఒత్తిడి మీద పనిచేసేది. అది దాటిందంటే సేఫ్టీ వాల్వు పెట్టే గోలకి పక్కవాడి మాట వినిపించేది కాదు. తమరి ముల్లు రాత్రింబవళ్ళు ఎర్రగీత మీదే ఉంటోంది, మా మనవరాలేమో పక్కనే కూర్చుని ఫోన్ చూసుకుంటోంది. ఇంత ధైర్యం ఏ ఫైర్‌మన్‌లోనూ నేను చూడలేదు.

నిజం చక్రం ఎలా ఉంటుందో చూపిద్దామని పిల్లని పుదుపేట తీసుకెళ్ళాను. పాత బండ్లు విప్పి అమ్మే వీధులు కదా, ఒక గేర్‌బాక్సు చక్రం చేతిలో పెట్టాను. "తాతయ్యా, ఇది తగిలించుకుంటే మెడ విరుగుతుంది" అంది. సరేనని ఇంటికొచ్చి ప్లాస్టిక్ ముక్కలకి ఇత్తడి రంగు పూసుకుంది. తమరి లోకంలో ఇనుముకి బరువు లేదు, బొగ్గుకి మసి లేదు. అలాంటి షెడ్డు ఉంటే నేనూ ఇంకో పదేళ్ళు సర్వీసు చేసేవాణ్ణి.

తోలు విషయంలో మాత్రం తమరిని తక్కువ చేయలేను. తోలు అమ్మే పెరియమేట్‌లో దుకాణం దుకాణం తిరిగాం. "ఎన్న సార్, షూ కంపెనీయా?" అని అడిగాడొకాయన. ముఖానికి అంటే నవ్వాడు, కానీ పని తెలిసినవాడు. క్రోమ్‌తో పదును చేసిన తోలు మెత్తగా, అందంగా ఉంటుందిగానీ ఎంత తడిపి నొక్కినా ఆరాక మళ్ళీ చదునైపోతుందని, ఆకారం నిలవాలంటే చెట్టు బెరడుతో పదును చేసిందే కావాలని చెప్పి, రెండున్నర మిల్లీమీటర్ల మందం తీసిచ్చాడు. దక్షిణాదిలో ఆ పని తంగేడు చెక్కతో, కరక్కాయతో జరిగేది. బతుకమ్మలో పేర్చే పూలు పూసే తంగేడే. దాని బెరడు తినడం వల్లే తమరికి ఈ పసుపు ఛాయ వచ్చిందనుకుంటే ముచ్చటేసింది, కానీ పొగడ్త ఇక్కడితో ఆపుతాను.

గోరువెచ్చని నీళ్ళలో బుడగలు ఆగేదాకా నానబెట్టి, తీసి ప్లాస్టిక్ సంచిలో చుట్టి రాత్రంతా ఉంచాలి, తడి లోపలిదాకా సమంగా పాకుతుంది. పొద్దున తన ముఖానికే తీసిన ప్లాస్టర్ అచ్చు మీద పరిచి, చెంచా వెనకవైపుతో రుద్దుతూ కూర్చుంది. చెంపలు సులువుగా దిగాయి. ముక్కు పక్కన పల్లం దగ్గర తోలు మొండికేసింది. అక్కడ సాగదీయాలి, కానీ పలచబడకూడదు, ముడత రాకూడదు. తొందరపడి మరిగే నీళ్ళు పోసిన ముక్క అప్పడంలా ముడుచుకుని గట్టిపడింది. బాగా కాగిన నీళ్ళు తగిలితే తోలు కుంచించుకుపోతుందట, తర్వాత బతిమాలినా సాగదు. రేకుకి వేడి చూపిస్తే లొంగేది. ఇది ఎదురు తిరిగింది. నేనూ కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.

ఆ తర్వాత పక్షిముక్కులా పొడుచుకొచ్చిన తమరి ముక్కు. రెండు పక్కల ముక్కలు కోసి, అంచులు పలచగా చెక్కి, పైన వెన్నులాగా కలిపి కుట్టింది. ఒకే దారం, రెండు కొసలకీ రెండు సూదులు. ముందే పొడిచిన ఒక్కో బెజ్జంలోంచీ అటు సూది ఇటు, ఇటు సూది అటు. మైనం పట్టించిన దారం. ఒక కుట్టు తెగినా మిగతావి ఊడవు. కుట్టాక అంచు తడిపి కర్రతో రుద్దితే గాజులా మెరిసింది. ఇలాంటి పనికి మా షాపులో అయితే పేరు రాసి పెట్టేవాళ్ళం. తమరు ఆ కుట్టు మీద అడ్డంగా ఒక ప్లాస్టిక్ గొట్టం అతికించుకుని కూర్చున్నారు! ఆవిరి పోయే గొట్టమట. ఒంటి మీద ఉన్న ఒక్క నిజమైన పనిని దాచి, అబద్ధాన్ని పైకి తగిలించుకోవడం తమకే చెల్లింది.

అసలు ఆ ముక్కు మాత్రం తమదా? యూరపులో పదిహేడో శతాబ్దపు ప్లేగు వైద్యులది. దుర్వాసనే రోగం తెస్తుందని నమ్మి, ముక్కులో సువాసన మూలికలు కూరుకునేవాళ్ళు. ఆవిరి కాలానికి రెండు వందల ఏళ్ళ ముందు సరుకు. అయినా మా ఊళ్ళో తమరికి నిజమైన ఉద్యోగం ఏదైనా ఉందంటే ఆ ముక్కుకే. మురుగు కంపు కొట్టే బకింగ్‌హామ్ కాలువ పక్కన నడవాల్సినప్పుడు గుప్పెడు దవనం కూరి తగిలించుకోవచ్చు. మద్రాసులో కూవం నది నుంచి అడయారు నది దాకా ఆ కాలువ ముక్క తవ్వింది 1877-78లో, కరువు పని కింద. తమరు ముచ్చటపడే విక్టోరియా మహారాణి కాలమే అది. ధాత కరువులో మన జిల్లాల జనం రాలిపోతుంటే, 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు జరిపి ఆమెను చక్రవర్తిని అన్నారు. రైళ్ళు ఉన్నాయి, ఆవిరి ఉంది, ధాన్యం ధర పలికిన చోటికి వెళ్ళింది. తమరి ఊహాలోకపు పటంలో ఆ స్టేషన్లు వేసినట్టు లేరు.

మా ఆవిడ అభ్యంతరం వేరు. గడప అవతల విడవాల్సిన తోలు అన్నం తినే బల్ల మీద ఏమిటంటుంది. "మార్గళి కచేరీల్లో నువ్వు ముందు వరసలో కూర్చుని తలూపే మృదంగానికి కట్టింది ఏమిటి అమ్మమ్మా?" అంది పిల్ల. ఆవు, గేదె, మేక. ఆ పూట కాఫీ ఆలస్యమైంది.

నాయుడుపేట పక్కన మా ఊళ్ళో ఈ తోలు పని ఊరికి గాలివాటు లేని దిక్కున జరిగేది. తోళ్ళు నానే లంద తొట్టి కంపు కొట్టే ఆ వైపుకి పిల్లల్ని వెళ్ళనిచ్చేవాళ్ళు కాదు. తోలు పొడిచే ఆరె, తోలు కోసే రంపె పట్టిన ఆ చేతులే ఊరందరికీ చెప్పులు కుట్టాయి, ఎద్దులతో బావి నీళ్ళు తోడే కపిల బానకి తోలు కట్టాయి, డప్పుకి చర్మం బిగించాయి. ఆ చేతులవాళ్ళు మా అరుగు ఎక్కడానికి వీల్లేదు. ఇప్పుడు అదే ఆరె మఖ్మల్ వేసిన పెట్టెలో, "ఆర్టిసాన్ టూల్‌కిట్" పేరుతో కొరియర్‌లో వస్తోంది, మేం సంతకం పెట్టి తీసుకుంటున్నాం. తమరు అరుగుతో ఆగకుండా ఏకంగా మొహం మీదికే ఎక్కారు. వేలూరు వైపు పాలారు నది ఒడ్డు బావుల్లో ఏం ఊరిందో, 1996లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి తోలు కర్మాగారాల మీద తీర్పు ఎందుకు తెచ్చుకోవాల్సి వచ్చిందో, ఆ కథ కూడా తమరి కుటుంబానిదే. తీరిక ఉన్నప్పుడు చెప్పుకుందాం.

ఇక విన్నపాలు. ఆ మూడో చక్రాన్ని పీకేయించుకోండి, రెండు ఉంటే కనీసం తిరిగే వీలుంటుంది. కుట్టు మీది గొట్టం తీయించండి. అక్టోబరు, నవంబరుల్లో ఐప్పసి వానలు మొదలవగానే అలమరలో దాక్కోకండి, మద్రాసు చెమ్మకి మూడోనాటికి బూజు పడుతుంది, గాలి తగిలే చోట వేలాడండి. ఆదివారం మా అల్లుడి తరఫువాళ్ళు భోజనానికి వస్తున్నారు, శనివారం సాయంత్రానికి బల్ల ఖాళీ కావాలి.

మరొకటి. రిటైరైన రోజున షాపువాళ్ళు ఇచ్చిన నా హెచ్ఎంటీ గడియారం వైపు పిల్ల చూపు పడుతోంది. "తాతయ్యా, లోపల చక్రాలు ఎంత చిన్నగా ఉంటాయో" అంది నిన్న. రోజూ పొద్దున కీ ఇస్తే చక్కగా నడుస్తోంది. దాన్ని తమరి నుదుటి మీద అతికించే ఆలోచన ఏమన్నా ఉంటే, ఇప్పుడే మానుకోమని హెచ్చరిస్తున్నాను.

ఇట్లు,
తమరి బల్ల మీద అన్నం తినే హక్కు గల,
పెరంబూరు తాతయ్య