డిస్నీలో దివ్యాంగుల పాసు: వాట్సాప్‌లో తిరిగే మాటలకు జవాబు

అమెరికా ప్రయాణాల కాలం రాగానే మన కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరగడం మొదలవుతుంది. డిస్నీ పార్కుల్లో దివ్యాంగులకు ఇచ్చే ఉచిత పాసు గురించి. అందులో చెప్పేది ఇదీ: ఆ పాసు ఉంటే క్యూలో నిలబడకుండా ప్రతి రైడూ ఎక్కేయవచ్చు, తీసుకునేవారిలో ఎక్కువమంది దొంగ దివ్యాంగులే, మిగతావాళ్లు గంటల తరబడి నిలబడాల్సి రావడానికి వాళ్లే కారణం, 2024లో డిస్నీ నిబంధనలు బిగించింది, నిజంగా అవసరమున్నవారికి ఇప్పటికీ ఇస్తోంది, సిబ్బంది తమ పని తాము చేస్తున్నారు, వాళ్లు మర్యాదగా లేరని గోల చేసేవారంతా పాసు దొరకని అక్కసుతో మాట్లాడుతున్నారు, నిలబడలేనివాళ్లు డబ్బిచ్చి వేగంగా వెళ్లే టికెట్ కొనుక్కోవాలి, లేదంటే ఇంట్లో ఉండాలి.

ఈ సందేశం మా బంధువుల గ్రూపులోకీ వచ్చింది. మా అక్క కొడుకుకు ఆటిజం ఉందని ఆ గ్రూపులో అందరికీ తెలుసు. పంపినవారికి దురుద్దేశం ఉందని నేను అనుకోను. కానీ అది చదివాక మా అక్క ఆ గ్రూపులో మాట్లాడటం మానేసింది. అందుకే ఒక్కో మాటకూ విడిగా జవాబు చెబుతున్నాను.

“పాసు ఉంటే క్యూ ఉండదు”

వేచి ఉండక తప్పదు. ఎక్కడ వేచి ఉండాలన్నది మాత్రమే మారుతుంది. ఈ పాసు పేరు డిసెబిలిటీ యాక్సెస్ సర్వీస్. అందరూ డాస్ అంటారు. 2013 అక్టోబరు 9 నుంచి అమల్లో ఉంది. ఒక రైడు దగ్గర మామూలు క్యూ 70 నిమిషాలు ఉందనుకోండి. పాసు ఉన్నవారికి దాదాపు అంత సమయం గడిచాక రమ్మని ఒక వేళ ఇస్తారు. అది అయ్యేదాకా ఇంకో రైడుకు అలా వేళ తీసుకోవడానికి వీల్లేదు. ఈలోగా నీడలో కూర్చోవచ్చు, పిల్లవాడికి అన్నం పెట్టవచ్చు, మరుగుదొడ్డికి వెళ్లి రావచ్చు. చెప్పిన వేళకు వేరే ద్వారం నుంచి వెళ్తారు, అక్కడ కూడా కొంతసేపు ఆగుతారు. తిరుపతిలో సర్వదర్శనం టోకెన్ తీసుకున్న భక్తుడు కంపార్టుమెంట్లలో గంటలకొద్దీ కూర్చోకుండా టోకెన్ మీద వేసిన సమయానికి కొండ మీద క్యూలోకి వెళ్తాడు. అతను ఎవరినో దాటుకుని వెళ్లాడని మనం అనం కదా.

దీని మీద కోర్టులో పెద్ద వాదనే జరిగింది. ఆటిజం ఉన్న ఒక యువకుడి తరఫున, తనను వేచి ఉంచకుండా రైడ్లు ఎక్కే వీలు కల్పించాలని డిస్నీ మీద దావా వేశారు. ఫ్లోరిడాలోని ఫెడరల్ న్యాయమూర్తి ఆన్ కాన్వే 2020లో డిస్నీ పక్షాన తీర్పు చెప్పారు. తీర్పుతో మనం ఏకీభవించినా లేకపోయినా ఒక సంగతి మాత్రం దానితో తేలిపోయింది. వెంటనే ఎక్కించాల్సిన బాధ్యత తమకు లేదని, డాస్ ఇస్తే చాలని కంపెనీయే వాదించి గెలిచింది. క్యూ తప్పించే పాసు అన్న మాటకు ఇంతకంటే గట్టి ఖండన నేను రాయలేను.

చక్రాల కుర్చీలో వస్తే ముందుకు పంపేస్తారన్నది కూడా ఇదే కోవకు చెందిన మాట. ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో చాలా రైడ్ల క్యూలు కుర్చీ పట్టేంత వెడల్పుగా ఉంటాయి. వాళ్లూ అందరితో పాటు అదే వరుసలో కదులుతారు.

“తీసుకునేవాళ్లలో ఎక్కువమంది దొంగలు”

మోసం జరిగింది, కాదనను. డాస్‌కు ముందు గెస్ట్ అసిస్టెన్స్ కార్డు అని ఒకటి ఉండేది. 2013 మేలో న్యూయార్క్ పోస్ట్ పత్రిక ఒక కథనం ప్రచురించింది. న్యూయార్క్‌లోని సంపన్న కుటుంబాలు దివ్యాంగులైన గైడ్లను గంటకు 130 డాలర్ల చొప్పున, రోజుకు 1,040 డాలర్లకు మాట్లాడుకుని, వాళ్లను బంధువులుగా చూపించి రైడ్లు ఎక్కుతున్నాయని అందులో రాశారు. కొద్ది నెలలకే డిస్నీ ఆ కార్డును ఎత్తేసి డాస్ తెచ్చింది. అక్కడ మోసం చేసింది డబ్బున్నవాళ్లు, దివ్యాంగుల అవసరాన్ని అద్దెకు తీసుకుని. ఆ పాపాన్ని తెచ్చి పదేళ్ల పిల్లవాడి తల్లి మీద రుద్దడం అన్యాయం.

ఐదేళ్లలో డాస్ వాడకం మూడింతలైందని 2024లో డిస్నీ చెప్పిన మాటను కూడా ఈ సందేశాల్లో ఆధారంగా చూపిస్తారు. మూడింతలైంది వాడకం, మోసం మూడింతలైందని దాని అర్థం కాదు. పెరగడానికి కళ్లెదుట కనిపించే కారణాలు రెండున్నాయి. మొదటిది, ఆటిజాన్ని గుర్తించడం పెరిగింది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్కల్లో 2000 నాటికి ఎనిమిదేళ్ల పిల్లల్లో 150 మందిలో ఒకరికి ఆటిజం ఉంటే, 2022 నాటి లెక్కలో 31 మందిలో ఒకరికి ఉంది. రెండోది అంతకంటే ముఖ్యం. 1999 నుంచి డిస్నీ పార్కుల్లో ఫాస్ట్‌పాస్ అనే ఉచిత సదుపాయం ఉండేది. ఎవరైనా ముందుగా వేళ తీసుకుని ఆ వేళకు వెళ్లవచ్చు. ఎక్కువసేపు నిలబడలేని ఎంతోమంది తమ జబ్బు సంగతి ఎవరికీ చెప్పుకోకుండా దానితోనే సర్దుకునేవారు. కోవిడ్‌కు మూతపడిన పార్కులు తిరిగి తెరిచాక ఆ సదుపాయం రాలేదు. 2021 అక్టోబరులో దాని స్థానంలో డబ్బు కట్టి కొనుక్కునేది వచ్చింది. ఉచితంగా ఉన్న ఒక తలుపు మూస్తే జనం ఇంకో తలుపు దగ్గరికి రాకుండా ఎక్కడికి పోతారు?

“క్యూలు పెరగడానికి వాళ్లే కారణం”

డాస్ వాళ్లు వెళ్లే ద్వారం, డబ్బు కట్టినవాళ్లు వెళ్లే ద్వారం ఒకటే. దాన్ని లైట్నింగ్ లేన్ అంటారు. ఆ దారిలో వచ్చేవారికి ప్రాధాన్యం ఇచ్చినంతసేపూ మామూలు క్యూ నెమ్మదిస్తుంది. కాబట్టి డాస్ ప్రభావం అసలు లేదని నేను చెప్పను. కానీ ఆ దారిలో ఎన్ని టికెట్లు అమ్మాలో నిర్ణయించేది కంపెనీ. 2021లో ఫ్లోరిడాలో మనిషికి రోజుకు 15 డాలర్లతో మొదలుపెట్టారు. 2024 అక్టోబరులో లైట్నింగ్ లేన్ ప్రీమియర్ పాస్ ప్రవేశపెట్టారు. ఫ్లోరిడాలో అప్పట్లో దాని ధర పార్కును, రోజును బట్టి మనిషికి 129 నుంచి 449 డాలర్లు ఉండేది. అందులో గరిష్ఠ ధర మన డబ్బులో 37 వేల రూపాయలు దాటేది, అదీ ప్రవేశ రుసుము కాక. ఈ పాసుతో వేళ కూడా తీసుకోనక్కరలేదు, నచ్చినప్పుడు ఆ ద్వారంలోకి వెళ్లడమే. సందేశంలో దివ్యాంగుల మీద మోపిన నింద అక్షరాలా వర్తించేది ఈ టికెట్‌కు. దాని గురించి మాత్రం ఆ సందేశంలో ఒక్క ముక్క లేదు.

“నిజంగా అవసరమున్నవారికి ఇప్పటికీ ఇస్తున్నారు”

ఈ మాట దగ్గరే నాకు ఎక్కువ కోపం వస్తుంది. కొత్త నిబంధనలు ఫ్లోరిడాలో 2024 మే 20న, కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్‌లో జూన్ 18న అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం ఆటిజం వంటి ఎదుగుదలకు సంబంధించిన వైకల్యం వల్ల మామూలు క్యూలో ఎక్కువసేపు వేచి ఉండలేనివారికి మాత్రమే డాస్. వీడియో కాల్‌లో అడిగి నిర్ణయిస్తారు. ఇందుకోసం ఒక వైద్య సేవల సంస్థ సాయం తీసుకుంటున్నారు. అబద్ధం చెప్పినట్టు తేలితే పార్కుల్లోకి శాశ్వతంగా రానివ్వబోమన్న హెచ్చరిక కూడా ఉంది.

ఇప్పుడు క్రోన్స్ వ్యాధి ఉన్న ఒక తల్లిని ఊహించండి. పేగుల వాపు వల్ల ఏ నిమిషంలో మరుగుదొడ్డికి పరుగెత్తాలో ఆమెకే తెలియదు. కంచెల మధ్య మలుపులు తిరుగుతూ సాగే క్యూలో సగం దూరం వచ్చాక ఆ అవసరం పడితే, ముందున్న వంద మందిని, వెనకున్న వంద మందిని తప్పుకోమని బతిమాలుకుంటూ ఎదురు నడవాలి. ఆమెకు ఉన్నది ఎదుగుదలకు సంబంధించిన వైకల్యం కాదు, కాబట్టి కొత్త నిబంధనలో ఆమెకు చోటు లేదు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు ఉన్నవారికి ఒంటి వేడి పెరిగితే చూపు మసకబారుతుంది, కాళ్లలో సత్తువ పోతుంది. ఫ్లోరిడా ఎండాకాలం ఎలా ఉంటుందో అక్కడున్న మనవాళ్లను అడగండి. వీళ్లకు ఉన్నది వైకల్యం కాదని ఏ వైద్యుడూ అనడు.

వీళ్లకు చూపిస్తున్న ప్రత్యామ్నాయాల్లో ఒకటి, అవసరమైనప్పుడు క్యూలోంచి బయటికి వెళ్లి తిరిగి వచ్చి తమవాళ్లతో కలవడం. నలుగురు పెద్దవాళ్లు కలిసి వెళ్తే అది కుదరవచ్చు. ఆ తల్లి ఆరేళ్ల కూతురితో ఒంటరిగా వెళ్తే? పిల్లను పరాయివాళ్ల మధ్య వదిలి వెళ్లలేదు. పిల్లను తీసుకుని వెళ్తే క్యూలో కలుసుకోవడానికి ఎవరూ మిగలరు. ఇంకో సూచన చక్రాల కుర్చీ. నడవలేకపోవడం అసలు సమస్యే కానప్పుడు కుర్చీ ఏం చేస్తుంది? 2025 ఫిబ్రవరిలో ఈ కొత్త నిబంధనల మీద కాలిఫోర్నియాలో సామూహిక దావా పడింది. కోర్టు మెట్లెక్కి తమ జబ్బు వివరాలు లోకమంతటి ముందు పెట్టడానికి సిద్ధపడినవాళ్లను దొంగలని ఎలా అంటారు?

“సిబ్బంది తమ పని తాము చేస్తున్నారు”

నిబంధనలు రాసింది ద్వారం దగ్గర నిలబడే ఉద్యోగి కాదు, ఒప్పుకుంటాను. కానీ ఒక నిబంధనను చెప్పడానికి, మనిషిని నిలదీయడానికి మధ్య తేడా ఉంది. ఇప్పుడు చెప్పబోయేది డిస్నీలో జరిగింది కాదు. మన దేశంలోనే ఒక పార్కులో. పేరు ఇక్కడ అనవసరం. మా అక్క తన కొడుకు యూడీఐడీ కార్డు (దివ్యాంగులకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు) చూపించి, ఎక్కే వంతు వచ్చేదాకా పక్కన ఎక్కడైనా కూర్చోవచ్చా అని అడిగింది. ఉద్యోగి కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, “చూడటానికి బాగానే ఉన్నాడు కదా మేడమ్” అన్నాడు. లౌడ్‌స్పీకర్ నేరుగా నెత్తి మీదే ఉంది. పిల్లవాడు చెవులు మూసుకుని ముందుకూ వెనక్కూ ఊగుతున్నాడు. “మాట వింటాడా?” “ఎందుకలా చేస్తున్నాడు?” అంటూ వరుసలో ఉన్నవాళ్లందరికీ వినపడేలా ప్రశ్నలు వేశాడు. తర్వాత పై అధికారి వచ్చి, తొందరైతే ఎక్కువ ధర టికెట్ తీసుకోండి అని చెప్పి వెళ్లిపోయాడు. అక్క తొందరగా పంపమని అడగనేలేదు. కూర్చునే చోటు అడిగింది.

“మీకు ఏ సాయం కావాలి?” అని అడిగితే సరిపోయేది. జబ్బు పేరు, దాని చరిత్ర అక్కరలేదు. పైకి కనిపించని వైకల్యం ఉన్నవారి కోసం 2016లో లండన్ దగ్గరి గాట్విక్ విమానాశ్రయంలో పొద్దుతిరుగుడు పూల బొమ్మలున్న మెడపట్టీ ప్రవేశపెట్టారు. అది వేసుకున్న ప్రయాణికుడికి కొంచెం ఎక్కువ సమయం, కొంచెం ఓపిక కావాలని సిబ్బంది అర్థం చేసుకోవాలి. కారణం నలుగురిలో అడగనక్కరలేదు. ఆ పద్ధతి తర్వాత ఎన్నో దేశాలకు పాకింది. దానికి పెద్ద ఖర్చు లేదు. సిబ్బందికి నేర్పించాలన్న పట్టింపు కావాలి.

“డబ్బిచ్చి కొనుక్కోవాలి, లేదా ఇంట్లో ఉండాలి”

అమెరికాలో 1990 నాటి దివ్యాంగుల చట్టం, ప్రజలందరికీ తెరిచి ఉంచాల్సిన చోట్ల జాబితాలో వినోద పార్కులను పేరు పెట్టి మరీ చేర్చింది. వైకల్యం కారణంగా కల్పించాల్సిన సదుపాయానికి ఆ వ్యక్తి దగ్గర అదనపు రుసుము వసూలు చేయకూడదని దాని నియమాలు చెబుతున్నాయి. ఏది తప్పనిసరి సదుపాయం, ఏది కాదు అన్నదాని మీద కోర్టుల్లో వాదనలు నడుస్తూనే ఉంటాయి. ఇంట్లో కూర్చోమనే హక్కు మాత్రం ఏ కంపెనీకీ లేదు, మన గ్రూపుల్లో ఎవరికీ లేదు.

మన దగ్గరా చట్టం ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం, మల్టిపుల్ స్క్లెరోసిస్ రెండూ ఉన్నాయి. ప్రజలకు అందించే సేవల నిర్వచనంలో వినోదం కూడా ఉంది. భవనాలు, సేవలు దివ్యాంగులకు అందుబాటులో ఉండేలా పెట్టిన ప్రమాణాలను కేవలం సూచనలుగా వదిలేసిన నియమం చెల్లదని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక తయారు చేసింది హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయం. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10 వేల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 వేల నుంచి 5 లక్షల వరకు జరిమానా పడుతుంది.

పార్కులో, సినిమా హాల్లో, ఇంకెక్కడైనా ఇలాంటి మాటలు ఎదురైతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. టికెట్ దాచుకోండి. తేదీ, సమయం, ఏ ద్వారం దగ్గర ఎవరు ఏమన్నారో ఆ రోజే రాసిపెట్టుకోండి. మా అక్క టికెట్, కార్డు నకలు, ఆ ఉద్యోగి వేసిన ప్రశ్నలు అన్నీ జతచేసి ఫిర్యాదు పంపింది.