యువత చేతికి సామరస్య సారథ్యం

ఏటా ఫిబ్రవరి మొదటి వారాన్ని ప్రపంచ సర్వమత సామరస్య వారంగా పాటించాలని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2010లో తీర్మానించింది. ఆ పేరిట జరిగే సభల్లో వేదిక సాధారణంగా పెద్దలదే. యువతీ యువకులు ప్రార్థనా గీతం పాడి, అతిథులకు పూలగుచ్ఛాలు అందించి, ప్రేక్షకుల్లోకి వెళ్లి కూర్చుంటారు. ఈ పద్ధతి మారాలని మేము గట్టిగా కోరుతున్నాం.

అనుభవం చాలదన్న అభ్యంతరం నిలవదు. 1893లో షికాగో సర్వమత మహాసభలో ప్రసంగించిన నాటికి స్వామి వివేకానందుని వయసు 30 ఏళ్లు. అదే నగరంలో 2002లో, వేర్వేరు మతాల విద్యార్థులను సేవా కార్యక్రమాల్లో కలిపే సంస్థను నెలకొల్పిన ఈబూ పటేల్‌కు అప్పటికి ముప్పై ఏళ్లయినా నిండలేదు. అసలు విద్వేషానికి యువతను కూడగట్టేవారు వారి వయసును ఏనాడూ అడ్డంకిగా చూడలేదు. సామరస్యం మాట వచ్చినప్పుడే మనకు అది గుర్తుకొస్తోంది.

నైజీరియాలోని కడూనా అనుభవం ఈ సందర్భంలో తలచుకోదగినది. 1990ల ఆరంభంలో అక్కడ చెలరేగిన మత ఘర్షణల్లో మహమ్మద్ అషాఫా, జేమ్స్ వూయే ప్రత్యర్థి సాయుధ బృందాల పక్షాన నిలిచారు. వూయే ఒక చేతిని పోగొట్టుకోగా, అషాఫా తన గురువునూ ఇద్దరు దాయాదులనూ కోల్పోయారు. పగతో రగిలిన ఆ ఇద్దరూ 1995లో ముఖాముఖి కలుసుకున్నారు. అనుమానాలు ఒక్కరోజులో తొలగలేదు గానీ, ఒకరు ఇమాముగా, మరొకరు పాస్టరుగా ఉంటూనే మత మధ్యవర్తిత్వ కేంద్రాన్ని స్థాపించి, ఒకప్పుడు తమలాగే ఆయుధం పట్టిన కుర్రవాళ్లకు శాంతి శిక్షణ ఇవ్వసాగారు. ఇద్దరిలో ఎవరూ తమ విశ్వాసాన్ని పలుచన చేసుకోలేదు. పరమతం వారితో కలిసి పనిచేస్తే పిల్లలు స్వమతానికి దూరమవుతారని భయపడే తల్లిదండ్రులు ఈ సంగతి గమనించాలి.

పరిచయం ఒక్కటే పక్షపాతాన్ని చెరిపివేయదని మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే వివరించారు. సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, పరస్పర సహకారం, అధికార వ్యవస్థల అండ ఉన్నప్పుడే కలయిక ఫలిస్తుందని ఆయన చెప్పారు. ఒక వరద సహాయ శిబిరాన్నో రక్తదాన శిబిరాన్నో కలిసి నడిపే బృందంలో మొదటి మూడూ సహజంగానే కుదురుతాయి. ఆ పని మధ్యలో ‘మీ ధర్మం ఈ సేవ గురించి ఏమంటుంది’ అన్న ప్రశ్న దానంతట అదే వస్తుంది, దానికి జవాబు చెప్పడానికి ప్రతి ఒక్కరూ తమ గ్రంథాలను మరోసారి తెరవవలసి వస్తుంది. నాలుగోది మాత్రం పెద్దలే ఇవ్వాలి.

నిర్ణయాలు తీసుకునే ప్రతి స్థాయిలో యువతకు ప్రాతినిధ్యం పెంచాలని భద్రతా మండలి 2015 నాటి 2250వ తీర్మానంలో సభ్యదేశాలను కోరింది. మత సంస్థలు అదే సూత్రాన్ని తమకు వర్తింపజేసుకోవాలి. వచ్చే ఫిబ్రవరి సభల నిర్వాహక సంఘాల్లో కనీసం సగం స్థానాలను ముప్పై ఏళ్లలోపు వారికి కేటాయించి, కార్యక్రమం ఎంపికనూ ఖర్చుపెట్టే అధికారాన్నీ వారికే అప్పగించాలి.