జామ్ సీసా ఇచ్చినావిడ పేరు ఎందుకు రాలేదు? పారిష్ మ్యాగజైన్ మహా చరిత్ర

రోమ్ సామ్రాజ్యం ఎలా పడిపోయిందో రాసినవాళ్లు లెక్కలేనంత మంది ఉన్నారు, కానీ ఇంగ్లండ్ పల్లెటూళ్లల్లో నెలకోసారి తలుపు సందులోంచి లోపలికి పడే ఆ పది పన్నెండు పేజీల పారిష్ మ్యాగజైన్ గురించి సీరియస్‌గా పట్టించుకున్నవాళ్లు వేళ్ల మీద కూడా రారు. ఇది ఘోరమైన అన్యాయం అని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే రోమ్ పోయింది, ఇది మాత్రం ఇంకా వస్తూనే ఉంది.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, పారిష్ అంటే ఒక చర్చి కిందకి వచ్చే ఊరూ దాని చుట్టుపక్కలా. ఆ చర్చి పెద్దని వికార్ అంటారు (వికారానికీ ఈ మాటకీ ఏ సంబంధమూ లేదు, ప్రతి నెలా మొదటి పేజీలో ఆయన ఉత్తరం చదివేవాళ్లకి మాత్రం కొంచెం డౌటు). ఆ ఉత్తరం తర్వాత ఆదివారం ప్రార్థనల టైములు, ఎవరికి బాప్తిస్మం అయింది, ఎవరికి పెళ్లయింది, ఎవర్ని సమాధి చేశారు, చర్చిలో పూలు ఏ వారం ఎవరు పెట్టాలో చెప్పే ఫ్లవర్ రోటా, జంబుల్ సేల్‌లో పాత బట్టలమ్మితే ఎంతొచ్చింది, ఆఖర్న యాడ్లు. శవపేటికలూ అంత్యక్రియలూ చూసుకునే అండర్‌టేకర్ యాడ్ సమాధుల లిస్టు పక్కనే పడితే దాన్ని ఎడిటర్ ప్లానింగ్ అనాలో విధి అనాలో నాకు తెలీదు.

ఇప్పుడు గమనించండి, ఇందులో న్యూస్ అనదగ్గ ముక్క ఒక్కటీ లేదు. పెళ్లికి ఊరంతా వెళ్లింది, సమాధికీ ఊరంతా వెళ్లింది, జంబుల్ సేల్ డబ్బు లెక్కపెట్టినవాళ్లే ఆ లెక్క మళ్లీ చదువుతున్నారు. మరి ఎందుకు చదువుతారయ్యా అంటే, పేరు కోసం. నా పేరుందా, ఉంటే స్పెల్లింగ్ సరిగ్గా పడిందా, పక్కింటావిడ పేరు నాకంటే పైనుందా. నా సిద్ధాంతం మొత్తం ఇంతే, మిగతాదంతా దీనికి ఆధారాలు.

మొదటి ఆధారం 1538. ఎనిమిదో హెన్రీ రాజు దగ్గర మంత్రిగా ఉన్న థామస్ క్రామ్‌వెల్, ప్రతి పారిష్‌లోనూ బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధులు పేర్లతో సహా రిజిస్టర్‌లో రాయాలని ఆర్డరేశాడు. ఆ రిజిస్టర్‌ని రెండు తాళాల పెట్టెలో పెట్టాలి, ఒక తాళంచెవి ఫాదర్ దగ్గర, రెండోది చర్చి వ్యవహారాలు చూసే ఊరివాళ్లు, అంటే వార్డెన్ల దగ్గర. అంటే పేర్ల విషయంలో ఏ ఒక్కర్నీ నమ్మకూడదన్న జ్ఞానం అప్పటికే ఉందన్నమాట. జనమేమో ఇదేదో కొత్త పన్నుకి ప్లాన్ అనుకుని హడలిపోయారు. రెండేళ్లు తిరక్కుండానే, 1540 జులైలో, క్రామ్‌వెల్ తల తీయించాడు రాజు. రిజిస్టర్‌కీ దానికీ సంబంధం లేదంటారు చరిత్రకారులు, ఊరివాళ్ల పేర్ల లిస్టు ఒక్కసారైనా తయారుచేసిన ఎడిటర్లు మాత్రం ఆ మాట అంత తొందరగా నమ్మరు.

ఇక అసలు హీరో దగ్గరికొద్దాం. 1859 జనవరిలో డెర్బీ అనే పట్నంలో సెయింట్ మైకేల్ చర్చి వికార్ జాన్ ఎర్‌స్కిన్ క్లార్క్ ‘పారిష్ మ్యాగజైన్’ అని ఒకటి మొదలుపెట్టాడు. ఐడియా ఏంటంటే, నీతికథలూ బొమ్మలూ మంచిమాటలూ ఉన్న పేజీలు ఒకే చోట బండిళ్ల కొద్దీ అచ్చేసి దేశమంతా అమ్ముతారు, ఏ ఊరి వికార్ ఆ ఊరి కబుర్లు వేసిన పేజీలు దాని చుట్టూ తొడుగులాగా తొడుగుతాడు. లోపల నీతికథ, బయట ఊరికథ. నా లెక్క ప్రకారం ఈ పథకం వెంటనే బ్రహ్మాండంగా సక్సెసైంది, పూర్తిగా ఫెయిలూ అయింది, ఎందుకంటే తొడుగు చదవనివాడు లేడు, లోపలిది చదివినవాడు దొరకడు. 1861లో కాగితం మీద పన్ను ఎత్తేశారు, 1870 విద్యా చట్టంతో పల్లెల్లో కూడా బడులు పెరిగాయి, అంటే కాగితం చవకైంది, చదివేవాడూ తయారయ్యాడు. 1871లో ‘హోమ్ వర్డ్స్’, 1905లో ‘ద సైన్’, ఇలా లోపల పెట్టుకునే సరుకు ఇంకా ఇంకా వచ్చింది. ఆత్మని ఉద్ధరించడానికి ఇంత పోటీ ఉంటే ఆత్మలు మాత్రం తొడుగు మీద, పోయిన నెల టీ పార్టీలో కేకులెవరు తెచ్చారో చూసుకుంటున్నాయి.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ తొడుగు మీదే యుద్ధానికెళ్లిన ఊరి కుర్రాళ్ల పేర్లొచ్చాయి, తర్వాత తిరిగి రానివాళ్ల పేర్లు. ఆ పేజీ గురించి నేను జోకులెయ్యను. రెండో యుద్ధంలో 1940 జూన్ నుంచి చర్చి గంటలు కొట్టడం ఆపించేశారు, శత్రువు దిగితేనే మోగాలని. కాగితానికీ రేషనే. గంట మూగబోయింది, మ్యాగజైన్ సన్నబడింది, అయినా ఫ్లవర్ రోటాకి చోటు దొరక్కపోయి ఉంటుందంటే నేను ఒప్పుకోను.

యుద్ధం తర్వాత స్వర్ణయుగం. హంగరీ నుంచి లండనొచ్చిన డేవిడ్ గెస్టెట్‌నర్ పుణ్యమా అని కాపీలు తీసే స్టెన్సిల్ మెషీన్ అప్పటికే ఉంది, అది మెల్లగా చర్చి వెనక గదుల్లోకి చేరింది. మైనం పూసిన కాగితం మీద టైపు కొట్టాలి, తప్పు పడితే నెయిల్ పాలిష్ వాసనొచ్చే ద్రవం పూసి ఆరేదాకా కూర్చుని మళ్లీ కొట్టాలి, తర్వాత హ్యాండిల్ తిప్పాలి, ఇంకు చేతికీ చొక్కాకీ అంటాలి, ఆఖర్న నలుగురు టేబుల్ చుట్టూ తిరుగుతూ పేజీలు వరసపెట్టి పిన్నులు కొట్టాలి. ఇంత చేసి ఊళ్లో పంచేశాక తెలుస్తుంది, జామ్ సీసా ఇచ్చినావిడ పేరు థ్యాంక్స్ లిస్టులో లేదని. ఆవిడేమీ అనదు. అదే భయం. చర్చిలో ఎదురొచ్చి చాలా మర్యాదగా “ఈ నెల మ్యాగజైన్ బావుందండీ” అంటుంది, ఆ ఏడాది ఇక జామ్ ఉండదు, ఆవిడ చెల్లెలు కేకులు మానేస్తుంది, చెల్లెలి భర్త గడ్డి కోసే మెషీన్ రిపేరులో ఉందంటాడు, సమాధుల మధ్య గడ్డి మోకాళ్ల దాకా వస్తుంది. చక్రవర్తులు ఇంతకంటే చిన్న అవమానాలకే యుద్ధాలు చేశారు, కాకపోతే వాళ్లకి ఇంత ఓపిక లేదు.

ఎడిటర్ అంటే ఎవరో చెప్పలేదు కదూ. జీతం లేని మనిషి. మీటింగ్‌లో “ఎవరైనా చేస్తారా” అని అడిగినప్పుడు తల దించుకోవడం ఒక్క సెకను లేటైనవాడు. ఒకసారి ఎడిటరైతే దిగడానికి ఉన్న దారి కూడా ఆ మ్యాగజైన్‌లోనే ఉంటుంది, సమాధుల పేజీలో.

తర్వాత ఫొటోకాపీలు, కంప్యూటర్లు, ప్రతి పేజీ మూలన ఒక దేవదూత క్లిప్‌ఆర్ట్. వికార్లు తక్కువై ఒక్కరికే నాలుగైదు ఊళ్లు అప్పజెప్పడంతో మ్యాగజైన్‌లూ కలిసిపోవాల్సొచ్చింది. అప్పుడు కవర్ మీద ఏ ఊరి పేరు ముందు రావాలన్నది సమస్య. అక్షరక్రమం అంటే ఒక ఊరు అలుగుతుంది, జనాభా అంటే ఇంకో ఊరు, చర్చి వయసు అంటే మిగతా అన్నీ. బొమ్మేసేసి పేర్లు లోపలెక్కడో చిన్న అక్షరాల్లో పెట్టడం దౌత్యంలో నాకు తెలిసిన అత్యుత్తమ పరిష్కారం. 2020 మార్చిలో కోవిడ్ వల్ల చర్చి తలుపులు మూసినప్పుడు చాలా చోట్ల పీడీఎఫ్ చేసి పంపారు. పీడీఎఫ్‌లో ఒక సుఖముంది, వెతుకు అని కొడితే మన పేరు మూడు సెకన్లలో దొరుకుతుంది. లేకపోతే లేదనీ మూడు సెకన్లలోనే తెలుస్తుంది, ఇది మాత్రం పాత పద్ధతిలో ఉన్న ఒకే ఒక్క దయని చంపేసింది.

దానికి ముందే, 2018 మేలో జీడీపీఆర్ అని డేటా రూల్ వచ్చింది. జబ్బుపడి ప్రార్థన చెయ్యమని అడిగినవాళ్ల పేర్లు వేసేముందు వాళ్ల అనుమతి తీసుకోవాలి, ఫోన్ నంబరేస్తే దానికీ అనుమతి. 1538లో పేరు రాసి తీరాలని ఆర్డర్, సరిగ్గా 480 ఏళ్ల తర్వాత పేరు రాయాలంటే ఫారం మీద సంతకం. ఎడిటర్ ఇంటింటికీ ఫారాలు పట్టుకుని తిరిగాడనుకోండి. జామ్ సీసా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, నా వివరాలు ఎవరికీ ఇవ్వనని సంతకం పెట్టకుండా వెనక్కిచ్చేసింది. తర్వాతి నెల థ్యాంక్స్ లిస్టులో ఆవిడ పేరు లేదు.

ఆదివారం ఎదురొచ్చింది. మ్యాగజైన్ బావుందట.