పెద్దాయనకి చెప్పొద్దన్న సలహా

"క్యాన్సర్ ముదిరిందని పేషెంటుకి చెప్పకండి. దిగులుతో ముందే పోతారు. దేవుడి మీద భారం వేసి, తగ్గిపోతుందని చెప్పండి. ప్రాణం మీదికొస్తే బొంకొచ్చని శాస్త్రమే చెప్పింది." ఫ్యామిలీ గ్రూపుల్లో తరచూ తిరిగే సలహా ఇది.

ముందు శాస్త్రం సంగతి. భాగవతంలోని "వారిజాక్షులందు" పద్యంలో ఆ మాటన్నది శుక్రాచార్యుడు, విన్నది బలి. వామనుడికిచ్చిన మాట తప్పి రాజ్యం కాపాడుకోమని ఆయన సలహా. బలి ఒప్పుకోలేదు. బలి కాదన్న సలహాని పట్టుకుని, ఒప్పుకోని బలిని వదిలేశారు! పైగా అక్కడ కాపాడుకోవాల్సింది తన సొత్తు; పోయేవాడి చావుని అతని దగ్గరే దాచమని ఎక్కడా లేదు. పరీక్షిత్తు సంగతి చూడండి. ఏడు రోజులే ఉందని తెలిసింది కాబట్టే గంగ ఒడ్డున కూర్చుని, చావబోయేవాడు చేయాల్సిందేమిటని శుకుణ్ణి అడిగాడు.

దిగులు మాటకొస్తే, అమెరికాలో ముదిరిన క్యాన్సర్ ఉన్న 332 మందిని గమనించిన అధ్యయనం 2008లో వచ్చింది. చివరి రోజుల గురించి డాక్టరుతో మాట్లాడుకున్నవాళ్ళలో డిప్రెషన్ మిగతావాళ్ళకంటే చెప్పుకోదగ్గంత ఎక్కువేమీ కనిపించలేదు. ఆఖరి వారంలో వాళ్ళు వెంటిలేటర్, ఐసీయూ దాకా వెళ్ళడమూ తక్కువే.

అసలు దాగుతుందా? హైదరాబాద్‌లో ఎమ్మెన్జే అంటే ఏ జబ్బు ఆసుపత్రో ఆటో డ్రైవరుకీ తెలుసు. జుట్టు రాలుతోంది, ఫైలు కొడుకు చంకలోంచి దిగదు, ఎప్పుడూ రాని చుట్టాలు యాపిల్స్ పట్టుకుని వరసగా దిగుతున్నారు. ఆయనకి అర్థమవుతుంది. మనం బాధపడతామని ఆయనా నటిస్తాడు.

ఇక దేవుడి మీద భారం. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (చివరి దశలో ఉన్న రోగుల్ని చూసుకునే చోటు) పెట్టిన సిసిలీ సాండర్స్, ఒంటి నొప్పితో పాటు మనసు, కుటుంబం, ఆత్మ పడే బాధనీ కలిపే చూడాలన్నారు. మాటలు మానేసిన తమ్ముడితో మాట్లాడాలి, మొక్కు తీర్చాలి, పొలం కాగితాలు చూడాలి. తనకున్నది ఉత్త అల్సరే అనుకునే మనిషి వీటన్నిటినీ వచ్చే ఏడాదికి వాయిదా వేస్తాడు.

అలాగని రిపోర్టు మొహాన పడేయమని కాదు. "మీకేం చెప్పారు? ఎంతవరకు తెలుసుకోవాలనుంది?" అని ముందు అడగాలి, ఒక్కసారి కాదు, అప్పుడప్పుడూ. "నాకొద్దు, మావాడికి చెప్పండి" అంటే అక్కడితో ఆగాలి, అది ఆయన ఇష్టం. అసలు అడగకుండానే మనం తేల్చేస్తున్నాం.