తిరగలి విసిరే దాసి గురించి అడిగితే తప్పా?

నిన్న ఆరాధన ముగిసి జనం ఇంకా గుడి మెట్లు దిగకముందే, మా సంఘ పెద్దలలో ఒకరు మా అమ్మాయిని పిలిచి నిలబెట్టి, "ఇంట్లోనే చదువుకుంటున్నావట కదా, అయితే బైబిలంతా నోటికి వచ్చి ఉండాలే! ఏదీ, ఒక కీర్తన చెప్పు" అన్నారు. పిల్ల ఇరవైమూడో కీర్తన తడుముకోకుండా అప్పజెప్పింది. అక్కడితో ఊరుకోక, కొన్నాళ్లుగా తనను వేధిస్తున్న సందేహాన్ని కూడా ఆయన ముందుంచింది. నిర్గమకాండం పదకొండో అధ్యాయంలో ఐగుప్తు రాజు ఫరో తొలిపిల్లతోపాటు తిరగలి విసిరే దాసి తొలిపిల్ల కూడా చనిపోతుందని ఉంది కదా తాతయ్యగారూ, బానిసలుగా ఉన్న ఇశ్రాయేలీయులను పంపనన్నది ఫరో అయితే ఆ దాసి ఏం చేసింది అని అడిగింది. ఆయన పిల్లకు జవాబు చెప్పలేదు. నా వైపు తిరిగి, "బడికి పంపించి ఉంటే ఇలాంటి ప్రశ్నలు వచ్చేవి కావమ్మా" అన్నారు. చుట్టూ ఉన్నవారు నవ్వారు.

నిజమే, వచ్చేవి కావు. బడికి పంపించి ఉంటే ఆ పిల్లకు నిర్గమకాండం తెరిచే తీరికే ఉండేది కాదు. ఆ విషయంలో పెద్దాయన అనుభవంతోనే మాట్లాడారని ఒప్పుకుంటున్నాను.

నన్ను ఎక్కువగా బాధించినది ఆ మాట కాదు, ఆ నవ్వు. ఆ వచనంలో సింహాసనం మీద కూర్చున్నవాడిని అందరమూ చూశాం, తిరగలి దగ్గర కూర్చున్న మనిషిని మా పిల్ల చూసింది. అసలు తెలుగు సంఘాలు ఎవరి వల్ల నిలబడ్డాయి? 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలోని వెల్లంపల్లి దగ్గర, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని ప్రతి వార్షికోత్సవంలోనూ మైకు పట్టుకొని చెప్పుకుంటాం. వారిలో అత్యధికులు రాజులూ జమీందార్లూ కారు, మాలపల్లెల నుంచీ మాదిగపల్లెల నుంచీ వచ్చినవారు, ఒకరి పొలంలో పని చేసి ఒకరి ఇంట తిరగలి విసిరినవారు. ఆ వారసత్వం గురించి గర్వంగా చెప్పుకునే మనం, ఒక చిన్నపిల్ల దాసి పక్షాన దేవుణ్ణి ప్రశ్న అడిగితే నవ్వుతాం.

ఆ పిల్ల అడిగిన అధ్యాయం తరువాతి అధ్యాయాన్ని ఎవరైనా తెరిచి చూశారా? ఆ బానిసత్వం నుంచి విడుదలకు గుర్తైన పస్కా పండుగను ఎలా ఆచరించాలో చెబుతూ, ఈ ఆచారమేమిటని మీ పిల్లలు మిమ్మల్ని అడిగినప్పుడు ఏం చెప్పాలో కూడా మోషే అక్కడే చెబుతాడు. పిల్లలు అడుగుతారన్న సంగతి లేఖనానికి ముందే తెలుసు, మా పెద్దలకు మాత్రం నిన్ననే తెలిసింది. పన్నెండేళ్ల యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని వారిని ప్రశ్నలు అడుగుతూ కనిపించాడని లూకా రాశాడు. ఆ బోధకులలో ఒక్కరైనా మరియమ్మ వైపు తిరిగి "బడికి పంపించమ్మా" అన్నట్టు లేదు. ఇంతకీ మేము లూథరన్లం. మా శాఖకు పేరిచ్చిన మార్టిన్ లూథర్ 1529లో 'చిన్న ప్రశ్నోత్తరి' అనే విశ్వాస పాఠాల పుస్తకాన్ని రాసినప్పుడు, ఇంటి యజమాని దానిని తన ఇంటివారికి ఎలా నేర్పాలో చెబుతూ రాశాడు. అందులో ప్రతి ఆజ్ఞ వెనుకా, విశ్వాస ప్రమాణంలోని ప్రతి భాగం వెనుకా దీని అర్థమేమిటనే ప్రశ్నే ఉంటుంది. ఆ పుస్తకం మా గుడి బీరువాలో అట్ట నలగకుండా భద్రంగా ఉంది.

ఇంట్లో చదివించే మా బృందంలోనూ అందరూ నాలాగే ఆలోచిస్తారని నేను అనను. అమెరికా నుంచి డాలర్లు పోసి తెప్పించిన పాఠ్యపుస్తకాల పెట్టెను విప్పితే చాలు, పిల్లల విశ్వాసానికి కావలసినదంతా అందులోనే దొరుకుతుందని నమ్మేవారు ఉన్నారు. ఆ పిల్లలు ఇంగ్లండు నుంచి అమెరికాకు వలస వెళ్లినవారి మేఫ్లవర్ ఓడ గురించి గంటసేపు చెప్పగలరు కానీ, తాము ప్రతి ఆదివారం పాడే కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి ఎవరని అడిగితే వాళ్ల అమ్మ ముఖం చూస్తారు. విశ్వాసం పార్సిలులో రాదు. పాలవాడితో చిల్లర కోసం నేను గొడవ పడి, ఐదు నిమిషాల తరువాత కుటుంబ ప్రార్థనకు కూర్చుంటే, "అమ్మా, ముందు ఆయనకు ఫోన్ చెయ్యి" అన్న పిల్ల ముందు ఏ పాఠ్యపుస్తకమూ అక్కరకు రాలేదు.

చట్టం ఒప్పుకుంటుందా అని ఆరా తీసేవారికి ఒక్క మాట. విద్యాహక్కు చట్టం పిల్లలను బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది కానీ, ఇంట్లో చదివించిన తల్లిదండ్రులకు శిక్షను మాత్రం చెప్పదు. పద్నాలుగేళ్లు నిండితే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థలో పదో తరగతి పరీక్ష రాయవచ్చు. మా పిల్ల భవిష్యత్తు గురించి బెంగ పెట్టుకున్నవారు ఇక నిద్రపోవచ్చు.

అసలు ఈ బెంగ ఇతర పిల్లల విషయంలో ఎక్కడికి పోతోంది? పదో తరగతి ఫలితాలు వచ్చీ రాగానే మా సంఘంలోని పిల్లలు ఒక్కొక్కరుగా కార్పొరేట్ కళాశాలల హాస్టళ్లకు వెళ్లిపోతారు. తెల్లవారుజామున లేపి రాత్రి దాకా పుస్తకాల ముందు కూర్చోబెట్టే ఆ చోట ఆదివారం కూడా పరీక్షే. యవ్వనస్థుల కూడికలో గిటారు వాయించిన కుర్రాడు రెండేళ్లపాటు గుడి గడప తొక్కకపోయినా, వాడి విశ్వాసం ఏమవుతోందని ఒక్క పెద్దమనిషీ అడగడు, పైగా వాడి ర్యాంకు కోసం ప్రార్థించమని చీటీ పంపుతారు. ర్యాంకు వస్తే తండ్రి దేవుడు చేసిన మేలని గుడిలో సాక్ష్యం చెప్పి కానుక కవరు వేస్తాడు, సంఘమంతా చప్పట్లు కొడుతుంది. ర్యాంకు రాక, ఎవరితోనూ మాట్లాడక, గదిలో తలుపు వేసుకున్న పిల్లవాడికి సాక్ష్యం చెప్పే అవకాశం ఇచ్చిన సంఘాన్ని నేను ఇంతవరకూ చూడలేదు. నలుగురితో కలవకపోతే పిల్ల మొద్దుబారిపోతుందని నాకు హితబోధ చేసే పెద్దాయన, తన మనవడిని అటువంటి హాస్టల్లోనే చేర్పించి, తల్లిదండ్రులను కూడా నెలకొకసారి మాత్రమే చూడనిచ్చే ఆ క్రమశిక్షణను మెచ్చుకున్నారు.

ఇప్పుడు మా ఇంటి పరిస్థితిని తెలుసుకోవడానికి పెద్దలు కొందరు కలిసి వస్తారట. రానివ్వండి. కాకపోతే వారు ముందుగా ఆ హాస్టళ్లకు వెళ్లి, ఆదివారం పది గంటలకు మన పిల్లలు ఎక్కడ కూర్చున్నారో చూసి రావాలి. బస్సు ఛార్జీలు నేనే ఇస్తాను. వచ్చేటప్పుడు ఆ దాసి గురించి ఏదైనా జవాబు కూడా సిద్ధం చేసుకొని రండి, మా పిల్ల మళ్లీ అడుగుతుంది.